జ్వరం తరవాత చుక్క

తెలుగునాట బళ్లో ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లలో చాలామంది మొదటి సొంత రచన ఒకటే. అది సెలవు చీటీ. దాని కథావస్తువు జ్వరం. రూళ్ల కాగితం మీద ఓ మూల ఊరు, తేదీ. ఎడమ పక్కన ‘రెస్పెక్టెడ్ సర్’. దాని కింద ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’. పిల్లాడికి నిజంగా వచ్చింది జ్వరమా, మేనమామ పెళ్లా, ఇండియా పాకిస్తాన్ మ్యాచ్చా అన్నది వేరే సంగతి. కాగితం మీదికి వచ్చేసరికి అందరికీ జ్వరమే, అందరికీ రెండు రోజులే.

ఆ ‘ఫీవర్’ దగ్గర పెన్ను ఆగుతుంది. అక్కడ ఏదో ఒకటి పెట్టాలని తెలుసు, ఏం పెట్టాలో తెలీదు. కొందరు చుక్క పెట్టేసి ‘ఐ యామ్ నాట్ ఏబుల్ టు అటెండ్ ద స్కూల్’ అని కొత్త వాక్యం ఎత్తుకుంటారు. కొందరు ఏమీ పెట్టకుండా, ఊపిరి బిగబట్టి ‘స్కూల్’ దాకా ఈదుకుంటూ పోతారు. మాస్టారు ఎర్ర సిరాతో మొదటివాళ్ల చుక్కకు తోక తగిలించి కామా చేస్తారు. ‘‘ఎందుకు సార్?’’ అంటే ‘‘అక్కడ ఫుల్‌స్టాప్ రాదురా’’ అంటారు. ఎందుకు రాదని అడిగేలోపు బెల్లు కొడతారు.

ఆ జవాబు ఇంగ్లీషు గ్రామర్ పుస్తకంలో కన్నా తెలుగులో వెతికితే త్వరగా దొరుకుతుంది. అదే ముక్కను తెలుగులో రాయమంటే పిల్లాడు ‘నాకు జ్వరంగా ఉన్నందున’ అని రాస్తాడు. ‘ఉన్నందున’ తరవాత చుక్క పెట్టే పిల్లాడు ఇంకా పుట్టలేదు. ఆ మాట చివర్న ఒక కొక్కెం వేలాడుతూ ఉంటుంది, దానికి ఇంకేదైనా తగిలిస్తే తప్ప చెవి ఊరుకోదు. ఇంగ్లీషులోనూ కొక్కెం ఉంది. కానీ అది చివర లేదు, మొదట్లో ఉంది. ‘యాజ్’ అన్న బుల్లి మాటే ఆ కొక్కెం. ఐదు మాటలు దాటి ‘ఫీవర్’ దగ్గరికి వచ్చేసరికి అది ఎప్పుడో వెనకబడిపోతుంది. ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అన్నది విడిగా చూస్తే నిండు వాక్యమే కాబట్టి, తల మర్చిపోయిన చెవికి అక్కడితో అంతా అయిపోయినట్టే వినిపిస్తుంది.

తన మాట ఇంకా పూర్తి కాలేదని తెలుగు తోకలో చెబుతుంది, ఇంగ్లీషు తలలో చెబుతుంది. తెలుగువాళ్ల ఇంగ్లీషులో చుక్కలు, కామాలు దారి తప్పే చోట్లు చూస్తే చాలావరకు ఈ తేడా దగ్గరే తేలతాయి. తప్పు చేసినవాడికి భాష రాదని కాదు. ఒక భాషలో బాగా పదునెక్కిన చెవి ఇంకో భాషలో కూడా అదే చోట చప్పుడు కోసం చూస్తుంది.

పదో తరగతి తెలుగు వ్యాకరణంలో ఒక మార్కు ప్రశ్నలుగా మిగిలిపోయిన మాటలు కొన్ని ఉన్నాయి: సమాపక క్రియ, అసమాపక క్రియ. ‘వెళ్లి’ అంటే క్త్వార్థకం, ‘వెళ్తూ’ అంటే శత్రర్థకం, ‘వెళితే’ అంటే చేదర్థకం. ఇవన్నీ అసమాపకాలు, అంటే పని ముగించని క్రియలు. ‘వెళ్లాడు’ సమాపకం. పేరులోనే ఉంది, సమాప్తి. బజారుకు వెళ్లి, బేరమాడి, కూరలు కొని, సంచీ మర్చిపోయి, మళ్లీ వెనక్కి వెళ్లి తెచ్చుకున్నాడు అంటే, ఆ ‘తెచ్చుకున్నాడు’ దాకా వాక్యం ఎక్కడా దిగదు. అది రాగానే దిగిపోతుంది. అక్కడ పెట్టే చుక్క అలంకారమే. రైలు స్టేషన్లో ఆగాక గార్డు ఎర్రజెండా చూపినట్టు.

తాటాకుల మీద గంటంతో రాసినవాళ్లకు ఆ అలంకారం అవసరం పడలేదు. పద్యం చివర ఒక నిలువు గీతో రెండు గీతలో గీసేవారు, అంతే. మాటకూ మాటకూ మధ్య చోటు కూడా వదిలేవారు కాదు. చదవగలిగినవాడు అన్వయించుకుని చదివేవాడు. హిందీ ఆ నిలువు గీతను ఇప్పటికీ వాక్యాల చివర నిలబెట్టుకుంది. తెలుగు అచ్చులోకి వచ్చి ఇంగ్లీషు చుక్కను పెట్టుకుంది. పాతబస్తీలో ఉర్దూ ప్రకటన కనిపిస్తే చూడొచ్చు, అందులో కామా తలకిందులై ఉంటుంది, ప్రశ్న గుర్తు అటు తిరిగి నిలబడుతుంది, ఫుల్‌స్టాప్ చిన్న అడ్డగీత. హైదరాబాదులో మూడు రకాల ఫుల్‌స్టాప్‌ల మధ్య తిరిగే మనిషికి, చుక్క అనేది దేవుడిచ్చింది కాదని తెలియడానికి పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు.

అది గ్రీకులిచ్చింది. క్రీస్తుకు రెండు వందల ఏళ్ల ముందు అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి పెద్దగా ఉన్న బైజాంటియం అరిస్టోఫనీస్ అనే పండితుడు, విరామం లేకుండా ఏకబిగిన రాసుకుపోయే గ్రీకు రాతలో చుక్కలు పెట్టే పద్ధతి ఒకటి చెప్పాడు. చుక్క ఒకటే, ఎత్తు మారుతుంది. మాట పూర్తయితే చుక్క వరస పైభాగాన. ఇవాళ నేల మీద కూర్చున్న ఫుల్‌స్టాప్ పుట్టింది అటక మీద అన్నమాట. కామా, కోలన్, పీరియడ్ అనే పేర్లు కూడా గ్రీకువే. అప్పట్లో అవి గుర్తుల పేర్లు కావు, వాక్యంలోని ముక్కల పేర్లు. కామా అంటే నరికిన ముక్క. కోలన్ అంటే అవయవం. పీరియడ్ అంటే చుట్టూ తిరిగి వచ్చిన దారి. అమెరికన్లు ఇప్పటికీ ఫుల్‌స్టాప్‌ని పీరియడ్ అనే అంటారు. గుడి చుట్టూ ప్రదక్షిణ ముగిసిన చోటు అనుకుంటే, బ్రిటిష్ వాళ్ల ‘నిండు ఆపు’ కన్నా ఆ పేరే అందంగా ఉంటుంది.

ఆ చుక్కలు కంటి కోసం పెట్టినవి కావు, గొంతు కోసం పెట్టినవి. పైకి చదివేవాడు ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పేవి. రోమన్లు చాలాకాలం వాటిని పెద్దగా ఖాతరు చెయ్యలేదు. ఏడెనిమిది శతాబ్దాల్లో ఐర్లండు సన్యాసులు, లాటిన్ తమ సొంత భాష కాకపోవడంతో, చదవడానికి వీలుగా మాటల మధ్య ఖాళీలు వదలడం మొదలుపెట్టారు. ఈ ముక్క దగ్గర తెలుగు పాఠకుడు కాస్త ఆగొచ్చు. మాటల మధ్య ఖాళీ అనే ఇంత పెద్ద సదుపాయం, భాష బాగా వచ్చినవాళ్ల బుర్రలో పుట్టలేదు. రాక తంటాలు పడ్డవాళ్ల అవసరంలో పుట్టింది.

పదిహేనో శతాబ్దం చివర్లో వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ ముద్రణశాల సెమికోలన్ని అచ్చులో ప్రవేశపెట్టింది. ఆయన మనవడు, అదే పేరుగలవాడు, 1566లో వేసిన పుస్తకంలో విరామ చిహ్నాల అసలు పని వాక్య నిర్మాణాన్ని విడమర్చి చూపడమేనని రాశాడు. అంటే గొంతు చేతిలోంచి అధికారం వ్యాకరణం చేతికి పోవడం మొదలైంది. కానీ గొంతు అంత తేలిగ్గా కుర్చీ దిగలేదు. 1762లో రాబర్ట్ లౌత్ రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో లెక్క చూడండి: సెమికోలన్ విరామం కామాకు రెట్టింపు, కోలన్ సెమికోలన్‌కు రెట్టింపు, ఫుల్‌స్టాప్ కోలన్‌కు రెట్టింపు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. లఘువులూ గురువులూ లెక్కపెట్టి పెరిగిన తెలుగువాడికి ఇది ఇంట్లో వాళ్లు మాట్లాడుకున్నట్టే ఉంటుంది.

గొడవంతా అక్కడే. ‘ఊపిరి తీసుకునే చోట కామా, ఆపే చోట ఫుల్‌స్టాప్’ అని తెలుగు మీడియం బళ్లలో చెప్పింది లౌత్ నాటి పాఠం. పరీక్ష పేపరు దిద్దేవాడు, పై ఆఫీసరు, అమెరికా నుంచి మెయిలు చదివే మేనేజరు చూసేది మాత్రం మనూటియస్ మనవడి పాఠం.

ఒక వాక్యాన్ని దగ్గరగా పెట్టుకు చూద్దాం. ‘ఐ వెంట్ టు ద బ్యాంక్, ద మేనేజర్ వాజ్ నాట్ దేర్, ఐ కేమ్ బ్యాక్.’ తెలుగు చెవికి ఇందులో దోషం కనిపించదు. బ్యాంకుకు వెళ్తే మేనేజరు లేకపోతే వచ్చేశాను, ఒకటే ఊపు, ఒకటే వాక్యం. కానీ తెలుగులో ఆ మూడు పనుల్లో రెండు వంగి ఉన్నాయి: వెళ్తే, లేకపోతే. నిలబడింది ఒక్కటే: వచ్చేశాను. ఇంగ్లీషులో మూడూ నిటారుగా నిలబడ్డాయి. ‘వెంట్’ సమాపకం, ‘వాజ్’ సమాపకం, ‘కేమ్’ సమాపకం. కర్త, సమాపక క్రియ రెండూ ఉండి, తల దగ్గర కొక్కెం లేకపోతే ఇంగ్లీషు దాన్ని సొంత ఇల్లుగా లెక్కేస్తుంది. రెండు ఇళ్ల మధ్య గోడగా కామా సరిపోదు. చుక్క పెట్టాలి, లేదా సెమికోలన్ పెట్టాలి, లేదా కామాతో పాటు ‘అండ్’, ‘బట్’, ‘సో’ లాంటి మధ్యవర్తిని పిలవాలి. ఆ తప్పుకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు కామా స్ప్లైస్. తాడు ముక్కలు పురిపెట్టి అతకడాన్ని స్ప్లైస్ అంటారు.

ఆఫీసు కాగితాల్లో దీనికి ఇంకో ముసుగు ఉంది, ‘హవెవర్’. ‘ఐ అప్లయిడ్ ఫర్ లీవ్, హవెవర్ ఇట్ వాజ్ నాట్ శాంక్షన్డ్.’ ‘బట్’ వేసుకునే చొక్కానే ‘హవెవర్’ కూడా వేసుకుని వస్తుంది కాబట్టి మోసపోతాం. ‘బట్’ రెండు వాక్యాలను కలుపుతుంది, ‘హవెవర్’ కలపదు, ఊరికే పక్కన నిలబడి తల ఊపుతుంది. దాని ముందు చుక్కో సెమికోలనో, దాని వెనక కామా ఉండాలి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా దీన్ని రోజూ తప్పు రాస్తారన్న సంగతి ఓదార్పుకు పనికొస్తుంది. దరఖాస్తుకు పనికిరాదు.

‘బికాజ్’ కథ దీనికి తిరగేసినది. ‘నిన్న రాలేదు. ఎందుకంటే జ్వరం వచ్చింది.’ తెలుగులో ఆ రెండో వాక్యం హాయిగా సొంత కాళ్ల మీద నిలబడుతుంది, ‘ఎందుకంటే’లో ప్రశ్నా జవాబూ రెండూ ఉన్నాయి. దాన్నే ఇంగ్లీషులో చుక్క పెట్టి ‘బికాజ్ ఐ హ్యాడ్ ఫీవర్.’ అని విడిగా రాస్తే, బళ్లో మాస్టారు దాన్ని తుంట అంటారు. నవలల్లో, ప్రకటనల్లో ఈ తుంటలు బోలెడు. అక్కడ అవి శైలి. దరఖాస్తులో తప్పు. ఈ అన్యాయానికి ఎవరూ సంజాయిషీ చెప్పరు.

సెమికోలన్ తెలుగు జిల్లాల్లోకి వచ్చిన దారి వేరు. ఒకప్పుడు చిన్న ఊళ్లలో కూడా బస్టాండు దగ్గర మేడమీద ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నవాళ్లను అక్కడ వేసేవారు. మొదటి పాఠం అందరికీ ఒకటే: ఎడమ చేత్తో ‘ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్’, కుడి చేత్తో ‘సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె’. కుడి చేతి చిటికెన వేలి కింద ఉన్న మీట సెమికోలన్. రిబ్బను వెలిసిపోయిన మిషను మీద, అందరిలోకీ బలహీనమైన వేలుతో, దాన్ని కాగితం నిండా కొట్టాలి. సరిగా నొక్కకపోతే పైచుక్క పడి తోక పడదు, గట్టిగా నొక్కితే కాగితానికి చిల్లు. వారం తిరిగేసరికి ఒక్కొక్కరు వేలల్లో సెమికోలన్లు కొట్టి ఉంటారు. ఆ తరవాత లోయరూ హయ్యరూ పాసై, గుమాస్తాలై, ముప్పై ఏళ్లు ఉత్తరాలు కొట్టి రిటైరైనవాళ్లలో ఎంతమంది ఒక వాక్యంలో సెమికోలన్ వాడి ఉంటారు? వేలికి వచ్చింది, చేతికి రాలేదు. అక్కడే ఫుల్‌స్టాప్ తరవాత రెండు ఖాళీలు వదలాలని కూడా నేర్పేవారు. ఆ అలవాటు మాత్రం కంప్యూటర్లలోకీ వచ్చింది. 2020లో మైక్రోసాఫ్ట్ వర్డ్ ఆ రెండో ఖాళీని తప్పుగా చూపడం మొదలుపెట్టేదాకా ఎవరూ వాళ్లను అడ్డుకోలేదు.

సెమికోలన్ ఏం చెయ్యగలదో చూడాలంటే మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖ తియ్యాలి. కాస్త ఓపిక పట్టండి అని సలహా ఇచ్చిన తెల్ల మతగురువులకు అది జవాబు. అందులో ఒక వాక్యం మూడు వందల మాటలు దాటుతుంది. మూకలు తల్లిదండ్రులను చంపడం చూసినప్పుడు. ఆ పార్కులోకి నిన్ను రానివ్వరని చిన్న కూతురికి చెప్పలేక నాలుక తడబడినప్పుడు. రాత్రి తల దాచుకోవడానికి ఏ హోటలూ చోటివ్వక కారులోనే పడుకున్నప్పుడు. ఇలా ‘ఎప్పుడైతే’ మీద ‘ఎప్పుడైతే’ పేర్చుకుంటూ, ఒక్కోదాన్నీ ఒక్కో సెమికోలన్ మీద నిలబెట్టుకుంటూ పోతాడు. అసలు మాట, మేమెందుకు ఆగలేమో అప్పుడు మీకు అర్థమవుతుంది అన్నది, ఆఖర్న గానీ రాదు. పాఠకుణ్ని కూడా ఆయన అంతసేపు ఆపుతాడు. ఆగడం ఎంత కష్టమో వాక్యమే చూపిస్తుంది.

ఇలా అసలు అర్థాన్ని చివరి చుక్క దాకా దాచిపెట్టే వాక్యాన్ని ఇంగ్లీషు అలంకారశాస్త్రం పీరియాడిక్ వాక్యం అంటుంది. అది చెయ్యి తిరిగినవాళ్లు సందర్భం చూసి వాడే విద్య. తెలుగులో సంతలో గేదెను బేరమాడేవాడు కూడా అదే వాక్యం మాట్లాడతాడు. పాలిస్తుందనీ, ఈతకొచ్చిందనీ, పొడవదనీ చెప్పి అంటగట్టాడు. చివరి మాట వచ్చేదాకా కొన్నవాడు సంతోషపడ్డాడో మోసపోయాడో తెలియదు. పీరియడ్ తెలుగులో క్రియలోనే కూర్చుని ఉంది.

ప్రశ్నదీ అదే కథ. ‘వచ్చాడు’కి దీర్ఘం తీస్తే ‘వచ్చాడా’. ప్రశ్న గుర్తు అచ్చువాళ్ల ముచ్చట. ‘వచ్చాడో’ అంటే ఇంకోటి, అది ఎదుటివాణ్ని అడగడం కాదు, తెలియకపోవడం. ‘వస్తాడా’కీ ‘వస్తాడో లేదో’కీ తేడా మూడేళ్ల పిల్లకు తెలుసు. అదే పిల్ల పెద్దదై ఇంగ్లీషు మెయిల్లో ‘ఐ వాంట్ టు నో వెన్ విల్ యు కమ్?’ అని రాస్తుంది. అది ప్రశ్న కాదు, ‘ఎప్పుడొస్తారో తెలుసుకోవాలి’ అన్న మామూలు వాక్యం. ‘వెన్ యు విల్ కమ్’ అని, చివర్న ఉత్త చుక్క చాలు. ‘ఆ’ని ‘ఓ’ అని ఏనాడూ పొరపడని మనిషి ఇక్కడ పొరపడుతోంది, ఎందుకంటే ఆ రెండు అచ్చుల పనిని ఇంగ్లీషు మాటల వరసకీ, ఒక గుర్తుకీ అప్పజెప్పింది. స్పానిష్ వాళ్లు పాఠకుడు వాక్యం చివరికొచ్చాక ‘అరె, ఇది ప్రశ్నా’ అని ఉలిక్కిపడకుండా 1754లో తమ అకాడమీ ద్వారా వాక్యం మొదట్లో కూడా ఒక తలకిందుల ప్రశ్న గుర్తు పెట్టుకున్నారు. గ్రీకులో అయితే సెమికోలన్ లాంటిదే ప్రశ్న గుర్తు.

చుక్కలు, కామాల మీద అసలు శ్రద్ధే లేకపోతే ఏమవుతుంది? అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన తిమోతీ డెక్స్‌టర్ అనే వింత వ్యాపారి 1802లో ఒక్క విరామ చిహ్నం లేకుండా పుస్తకం అచ్చేశాడు. జనం సణిగితే, తరవాతి కూర్పులో చివర ఒక పేజీ నిండా కామాలు, చుక్కలు, ప్రశ్న గుర్తులు గుమ్మరించి, ఉప్పూ మిరియాలూ లాగా ఎవరికి కావలసినన్ని వాళ్లు చల్లుకోమన్నాడు. దీన్ని పిచ్చి అనేవాళ్లున్నారు. ఈ వ్యాసం మాత్రం వంటవాడి పక్షాన ఉంటుంది.

కోర్టులు అంత సరదాగా తీసుకోవు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ డబ్బుల కోసం కేసు వేశారు. పాడైపోయే సరుకును డబ్బాల్లో నింపడం, గడ్డకట్టించడం, నిల్వచెయ్యడం లాంటి పనులకు ఓవర్‌టైమ్ వర్తించదని అక్కడి చట్టం. ఆ జాబితా చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉంది. ‘షిప్‌మెంట్’ తరవాత కామా లేదు. అది రెండు పనులా, ఒకటా? పంపిణీ వేరే పని అయితే, పంపిణీ చేసే డ్రైవర్లకు డబ్బులు రావు. రవాణా కోసమో పంపిణీ కోసమో ప్యాక్ చెయ్యడమే ఆ పని అయితే, డ్రైవర్లు ప్యాక్ చెయ్యరు కాబట్టి డబ్బులు రావాలి. 2017 మార్చిలో బోస్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు, చట్టం ఎటూ తేలడం లేదు కాబట్టి కార్మికుల వైపే చూడాలంది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అలాంటి చోట కామా పెట్టవద్దని ఆ రాష్ట్రపు చట్టాల ముసాయిదా పుస్తకమే చెప్పేది. అప్పీలు కోర్టు తీర్పు తరవాత శాసనసభ ఆ జాబితాను తిరగరాసి, అంతటా సెమికోలన్లు దించింది.

మన దగ్గర 1979లోనే సుప్రీంకోర్టు ఇలాంటి కామా ఒకదాన్ని తూచింది. 1940 నాటి మందులు, సౌందర్య సాధనాల చట్టంలో 27వ సెక్షన్: అమ్మకానికి తయారుచేసినా, అమ్మినా, ఆ తరవాత ‘స్టాక్స్ ఆర్ ఎగ్జిబిట్స్ ఫర్ సేల్’. ‘స్టాక్స్’ తరవాత కామా ఉంటే, ఉత్తినే దగ్గర ఉంచుకున్నా నేరమే. లేదు. కాబట్టి ‘ఫర్ సేల్’ అన్నది నిల్వకు కూడా వర్తిస్తుంది, అమ్మడానికే నిల్వ ఉంచాడని రుజువు చేస్తే తప్ప ఆ సెక్షన్ కింద శిక్ష పడదని న్యాయస్థానం తేల్చింది. ఇదే తెలుగులో రాయాల్సివస్తే కామా మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. ‘అమ్మకానికి నిల్వ ఉంచినా, ప్రదర్శించినా’ అంటే ఒక అర్థం. ‘నిల్వ ఉంచినా, అమ్మకానికి ప్రదర్శించినా’ అంటే ఇంకో అర్థం. ‘అమ్మకానికి’ని ఎక్కడ నిలబెట్టామన్నదే తేల్చేస్తుంది. తెలుగులోనూ తికమకలున్నాయి, లేకపోలేదు. అవి వేరే గదుల్లో ఉంటాయి.

చుక్క విలువను డాలర్లలో తెలుసుకున్న తెలుగువాళ్లు కోర్టుల్లో కన్నా కంప్యూటర్ల ముందే ఎక్కువ. 1959లో రూపుదిద్దుకోవడం మొదలైన కోబాల్ భాషలో ఆదేశాల గుంపును వాక్యం అనే అంటారు, వాక్యం చుక్కతో ముగుస్తుంది. రెండు వేల సంవత్సరం వస్తే పాత లెక్కలన్నీ తిరగబడతాయన్న భయంతో తొంభైల చివర్లో అమెరికాకు కోబాల్ వచ్చినవాళ్లు కావలసివచ్చారు, హైదరాబాదు కోచింగ్ సెంటర్లు కిటకిటలాడాయి. అక్కడ చేరినవాళ్లకు ఇలాంటి ఆదేశం ఎదురయ్యేది: ‘ఖాతాలో 500 కన్నా తక్కువ ఉంటే జరిమానా వెయ్. ఉత్తరం పంపు.’ మధ్యలో ఆ చుక్క చూశారా? ‘ఉంటే’ అన్న షరతు దాని దగ్గరే తెగిపోయింది. జరిమానా తక్కువ ఉన్నవాళ్లకే పడుతుంది, ఉత్తరం మాత్రం ఖాతాదారులందరికీ వెళ్తుంది. చుక్క తీసేస్తే సరి. 1985 ప్రమాణంలో షరతు ముగిసిందని చెప్పడానికి ‘ఎండ్ ఇఫ్’ అని విడిగా ఒక మాట వచ్చింది, చుక్క మీద భారం తగ్గింది. తెలుగులో అయితే ‘జరిమానా వేసి ఉత్తరం పంపు’ అనేవాళ్లం. ఆ ‘వేసి’లో చుక్క దూరదు.

ఇంతా నేర్చుకుని విమానం దిగినవాడికి అక్కడ ఇంకో చిల్లర తంటా. ఇక్కడ బ్రిటిష్ పద్ధతిలో కొటేషన్ మూసి చుక్క పెట్టడం నేర్చుకుని ఉంటాడు. అమెరికాలో చుక్క కొటేషన్ లోపలికి పోతుంది, అది ఎవరి మాటలో భాగమన్నది చూడరు. ‘మిస్టర్’కి పొట్టి రూపం రాస్తే ఇక్కడ చుక్క లేకపోయినా చెల్లుతుంది, అక్కడ ఉండాలి. ‘పి.ఎం.’తో వాక్యం ముగిస్తే రెండు చుక్కలు పెట్టకూడదు, ఒకటే రెండు పనులూ చేస్తుంది. ఈ ఒక్కటీ రెండు దేశాల్లోనూ ఒకటే.

ఒక కాలంలో తెలుగు ఇళ్లకు వచ్చే ఇంగ్లీషు వాక్యాలన్నిటిలోకీ భయంకరమైనదానికి అసలు చుక్కే ఉండేది కాదు. ‘ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అని నాలుగు మాటలు. టెలిగ్రాములో మాటకింత అని లెక్క కాబట్టి, చుక్కకు బదులు ‘స్టాప్’ అని రాసినా అదీ ఒక మాటే. ఎవరు వృథా చేస్తారు? ఇంగ్లీషు చదవడం రానివాళ్లు కూడా పోస్టుమ్యాన్ మొహం చూసి వాక్యం ముగించుకునేవారు. 2013 జులైలో దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది.

ఇప్పుడు చుక్కకు డబ్బు లెక్క లేదు, అయినా ఫోన్లలో వాడేవాళ్లు తగ్గిపోయారు. మెసేజ్ పంపితేనే వాక్యం ముగిసినట్టు, ఇక చుక్క దేనికి? దేనికో 2015లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హాంటన్ యూనివర్సిటీ పరిశోధకులు చూశారు. 126 మంది విద్యార్థులకు మెసేజ్‌లు చూపిస్తే, ఒంటి మాట జవాబు చివర చుక్క ఉంటే దాన్ని అంత మనస్ఫూర్తిగా ఇచ్చిన జవాబు కాదనుకున్నారు. అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే అన్నారు. వాక్యం ముగిసిందని చెప్పాల్సిన చుక్క, ఓపిక ముగిసిందని చెబుతోంది. పాతకాలపు మనిషి మర్యాద కోసం ‘ఓకే.’ అని చుక్క పెడతాడు, కుర్రాడు ‘నాన్నకు ఎందుకో కోపం వచ్చింది’ అనుకుంటాడు.

ఆ కోపం తెలుగులో చూపడానికి చుక్క ఏపాటి? ‘సరే’ ఉంది. ‘సరేలే’ ఉంది, అందులో సగం అలక. ‘సరేలేవోయ్’లో అలక కాస్తా పరాచికమైంది. ‘సరేనండీ’లో మర్యాద, ‘సరేనా’లో బుజ్జగింపు, ‘సరే మరి’లో చెప్పులేసుకుని గుమ్మం దాకా నడవడం. ‘సరే సరే’ అంటే ఇక ఆపమని. ఇన్ని తోకలున్న భాషకు చుక్క చల్లదనాన్ని అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు.

రాత్రి పదకొండు దాటాక గచ్చిబౌలిలోనో డాలస్‌లోనో ఒక కుర్రాడి ఫోన్లో అమ్మ మెసేజ్ వెలుగుతుంది. ‘తిన్నావా’. ప్రశ్న గుర్తు లేదు. ‘తిన్నా’ అని కొడతాడు. చుక్క లేదు. ‘ఏం తిన్నావు’. ‘పప్పు’. ‘ఒట్టి పప్పేనా’. ‘పెరుగు కూడా’. ‘సరే పడుకో’. ‘సరేమ్మా’. ఫోను బోర్లా పెట్టి లాప్‌టాప్ వైపు తిరుగుతాడు. రాస్తున్న ప్రోగ్రాములో నలభై రెండో లైను కింద ఎర్రగా మెలికల గీత ఇంకా అలాగే ఉంది. కుడి చేతి చిటికెన వేలు, ఎప్పుడో వాళ్ల నాన్న మేడమీద మిషను మీద వెతుక్కున్న మీటనే వెతుక్కుని, ఆ లైను చివర ఒక సెమికోలన్ కొడుతుంది.